బరువు యంత్రం మీది సీసపు పిట్ట

"మా నాన్న దొంగ కాడండీ!"

లోపలికి వచ్చిన అమ్మాయి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఎదురుగా ఉన్న ప్రైవేటు డిటెక్టివ్‌ను ఊళ్ళో అందరూ ఆరాగారంటారు. ఏ సంగతైనా కూపీ లాగందే ఆయనకు నిద్రపట్టదు. ఆయన గుమాస్తాకైతే ఆయన సాక్షాత్తూ దేవుడే. ఆ భక్తుడు గబగబా పుస్తకం తెరిచాడు.

నాణెం వేస్తే పనిచేసే పాత యంత్రాలకు మళ్ళీ ప్రాణం పోసే మేస్త్రీ ఆమె తండ్రి. ఒక పెద్దావిడ తన బరువు యంత్రం బాగుచేయమని ఇచ్చింది. దాని తలుపు మీద, ఆవిడ తండ్రి సీసం, తగరం కలిపి స్వయంగా పోసిన పిట్ట ఉండేది. పౌడర్ కోటింగ్ అయ్యాక చూస్తే తలుపు అద్దంలా ఉంది, పిట్ట లేదు. యంత్రం పెట్టిన గది తాళం మేస్త్రీ దగ్గరే ఉంటుంది.

"రేపటికల్లా పిట్ట దొరక్కపోతే పోలీసులకు అప్పగిస్తుందట. నలభై ఏళ్ళు సంపాదించుకున్న పేరు సార్!"

ఆరాగారు వెంటనే లేచారు.

షెడ్డులో మేస్త్రీ తల వంచుకుని కూర్చున్నాడు. ఓవెన్ దగ్గర, ఆ పని చూసే ఆయన బావమరిది నిలబడ్డాడు.

"పని ఎలా చేస్తారు మేస్త్రీగారూ?"

"రంగు పొడి చల్లి, రెండు వందల డిగ్రీల వేడిలో పెడతామయ్యా. కరిగి గట్టి పూతవుతుంది. ఇనుము తట్టుకుంటుంది, మెత్తని లోహాలు తట్టుకోవు. అందుకే అలాంటివి ఉన్న భాగానికి ఎర్ర తీగ కడతాను. అవి ఊడదీసేదాకా ఓవెన్‌లో పెట్టకూడదని గుర్తు. పచ్చ తీగ కడితే నేరుగా పెట్టొచ్చు."

ఆరాగారు తలుపు మీద నాణెం వేసే సందులో ఒక నాణెం దూర్చారు. మధ్యలో ఇరుక్కుంది. పక్క పలకల రంధ్రాల్లో మరలు బిగించి చూస్తే మాత్రం సాఫీగా దిగాయి. పిట్ట ఉన్న చోట చిన్న గాటు కూడా లేదు.

"ఏదీ, ఎర్ర తీగ ఒకటివ్వండి."

మేస్త్రీ చెయ్యి తీగల డబ్బాలో తడబడింది. బావమరిది చటుక్కున తీగ అందించాడు. ఆరాగారు ఓవెన్‌లోకి వంగి, అడుగున చూసి, ఏదో రుమాలులో మూటకట్టారు.

మర్నాడు పెద్దావిడతో సహా అందరినీ షెడ్డుకు పిలిపించారు.

"పూత అయ్యాక పిట్టను పీకితే తలుపు మీద మచ్చ పడాలి. పడలేదు. పైగా నాణెం దూరనంత మందంగా ఉంది పూత. మిగతా భాగాలకు ఒకసారి వేసి, తలుపుకు మాత్రం రెండుసార్లెందుకు వేశారు?" రుమాలు విప్పారు. వెండిలా మెరిసే చుక్కలు నాలుగు. "మొదటిసారి పిట్టతో సహా ఓవెన్‌లో పెట్టారు కాబట్టి. పిట్ట కరిగిపోయింది. ఆ మచ్చ కప్పడానికే రెండో పూత. అంతేనా తమ్ముడూ?"

బావమరిది కళ్ళు నిండాయి. జేబులోంచి సీసపు ముద్ద తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ సాయంత్రం ఠాణాకెళ్ళి, దొంగను నేనేనని చెబుదామనుకున్నాను."

"జరిగింది పొరపాటైతే దొంగతనం నెత్తిన వేసుకుంటావా?" అన్నారు ఆరాగారు. " అసలు ఆ తలుపును ఓవెన్‌లో ఎందుకు పెట్టావు?"

అతను ఓరకంట మేస్త్రీని చూశాడు. ఆరాగారి గొంతు మెత్తబడింది. "పచ్చ తీగ కట్టి ఉంది కనక. నిన్న ఎర్ర తీగ అడిగితే మేస్త్రీగారు వెతుక్కున్నారు. నువ్వు అడ్డం పడ్డావు."

మేస్త్రీ చివాలున లేచాడు. "ఒరేయ్, నేను దొంగన్న మాట పడుతుంటే చూస్తూ ఊరుకున్నావా!"

"నీకు ఈమధ్య రంగులు తెలియడం లేదని బయటపడితే ఎవరూ పని ఇవ్వరు కదా బావా... తిండి మానేసినా మానేస్తావుగానీ, పని మానేసి బతకలేవు నువ్వు."

మేస్త్రీ ఆ మాటకు కూలబడిపోయాడు. గుమాస్తా రాయడం ఆపి ముక్కు తుడుచుకున్నాడు. కూతురు తండ్రి భుజం పట్టుకుంది.

పెద్దావిడ ముద్దను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "దొంగ అన్నాను. నోరు జారాను, క్షమించండి మేస్త్రీగారూ. ఇది మా నాన్న చేతిలో కరిగిన లోహమే. మళ్ళీ పిట్టను పోయగలరా?"

"నాకు రంగులు కనపడవమ్మా," అన్నాడు మేస్త్రీ. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"పిట్టకు రంగెందుకండీ?" అందావిడ.