ఏడ్చేవాళ్ళు లేని కాగితం

"లుబెన్ పన్నెండింటికి కోర్టులో నోరు విప్పుతాడు. క్షిపణుల విడిభాగాలు దొంగచాటుగా ఎవరమ్మారో ఆయనొక్కడికే తెలుసు. ఈలోపే ఆయన్ని లేపెయ్యడానికి బయటి ముఠా మనిషొకడు మన సోఫియా నగరంలో దిగాడు." కల్నల్ స్తమెన్ సిగరెట్ నలిపాడు.

"అయితే ముసలాణ్ణి దాచెయ్యండి సార్," అన్నాడు ఏజెంట్ ఓగ్న్యాన్.

"వింటేగా! పదకొండున్నరకి బజారు చర్చిలో పోయిన పెళ్ళాం పేర కొవ్వొత్తి వెలిగించందే కోర్టు గడప తొక్కడట. ఈ సంగతి నీకూ నాకూ, వియన్నాలో మనకి పనిచేసే క్లారాకూ తప్ప ఎవరికీ తెలీదు. హంతకుణ్ణి చూస్తే గుర్తుపడతానంటోంది. ఆమెది వియన్నా టూరిస్టు వేషం, నీది గైడు వేషం. పో."

ఓగ్న్యాన్ క్లారాని వెంటబెట్టుకుని వీధిలోకొచ్చాడు. పాత సర్కారు కూలి నాలుగేళ్ళు. వీధుల పేర్లు మారాయి, గోడల పెచ్చులు మారలేదు.

"మీ ఊళ్ళో ఎవరూ నవ్వరేం గైడు గారూ?" అంది క్లారా.

"నవ్వులకింకా క్యూలోనే ఉన్నాం మేడం. మా వంతు రాలేదు."

ఆమె పకపకా నవ్వి, అప్పటికప్పుడు బొమ్మ ఇచ్చే కెమెరా అందించింది. తెల్ల గ్లౌజు వేళ్ళకి ఆరని జిగురు. ఆమెని ఫొటో తీశాడు. "బొమ్మ తేలేదాకా జేబులో ఉంచండి. నేను చర్చి మెట్ల దగ్గరుంటా," అని ఆమె ముందుకు సాగింది.

చచ్చినవాళ్ళ ఫొటోలతో కాగితాలు చెట్లకీ, తలుపులకీ అంటించడం ఆ ఊరి అలవాటు. ఆగి చదవడమూ అలవాటే. ట్రాము స్టాపు దగ్గర ఓగ్న్యానూ ఆగాడు.

నల్ల అంచులో లుబెన్ మొహం! పొద్దున తనతో కూర్చుని టీ తాగిన మనిషి. "నలభయ్యో రోజు ప్రార్థన. నేడు పదకొండున్నర, బజారు చర్చి మెట్లు." అడుగున ఖాళీ. 'దుఃఖించువారు' అన్న వరుసే లేదు. ఎంత దిక్కులేనివాడు పోయినా పక్కింటివాళ్ళయినా ఆ వరుసలో పేరు రాయించుకుంటారు. ఇది పరాయి చేతి పని. జిగురు తడిగానే ఉంది.

మొహం, చోటు, వేళ. హంతకుడికి కావలసినవన్నీ గోడమీదే. కానీ చదివేవాళ్ళు పదిమంది, ఎవణ్ణని పట్టుకోవాలి? చింపేస్తే ఇక్కడ జారిపోయి కోర్టు గుమ్మంలో కాస్తాడు. పదకొండూ ఇరవై. ఓగ్న్యాన్ పెన్సిల్ తీసి అడుగున ఏదో గీకాడు. జేబులోని క్లారా బొమ్మని లుబెన్ మొహం మీద అదిమి చర్చి వైపు పరుగెత్తాడు.

లుబెన్ టోపీ తీసి మెట్లెక్కుతున్నాడు. పూలగుత్తితో ఒకడు వెనకే వచ్చి ఆగాడు. పూల మధ్య నుంచి నల్లటి గొట్టం లేచింది. క్లారా వైపు.

"నన్ను కాదురా వెధవా! వాణ్ణి! ఆ ముసలాణ్ణి!"

ఓగ్న్యాన్ వాడి మోచేతి మీద పడ్డాడు. గుండు చర్చి తలుపులో దిగింది.

"నా కొవ్వొత్తి విరగ్గొట్టారు కదరా!" అని తిట్టాడు లుబెన్.

జీపులో క్లారా బేడీల చేతులు విదిలించింది. "ఆ గుండు నాకే తగిలుంటే?"

ఓగ్న్యాన్ ట్రాము స్టాపు దగ్గర జీపు ఆపి పీక్కొచ్చిన కాగితం ఆమె ఒళ్ళో పెట్టాడు. "మీకే లోటూ రానివ్వలేదు మేడం."

ఆమె ఫొటో కింద, పెన్సిలుతో: 'దుఃఖించువారు: కల్నల్ స్తమెన్.'