నానమ్మ హెడ్‌ఫోన్లు

నవత గది తలుపు తోసుకుని బయటికి వచ్చిన తీరు చూసే సుమిత్రమ్మకు అర్థమైపోయింది... నెట్టు మళ్ళీ ఆగిపోయింది! ఒళ్ళోని బీడీల చేట పక్కన పెట్టి, చెవులకున్న హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించుకుని, ఆత్రంగా కోడలి ముఖంలోకి చూసింది. నవత కళ్ళనిండా నీళ్ళు. అత్త ఎదురుగా చతికిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మూడోసారి అత్తమ్మా. అవుతలామె ఆస్పత్రిల ఉండి మాట్లాడుతున్నది, నడుమల కట్టయింది. ఇంకొక్కసారి గిట్లయితే ఇంట్ల కూసొని చేసుడు బంద్, హైదరాబాదొచ్చి ఆఫీసుల కూసొమ్మంటున్నరు."

నవతది ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగం. మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా గది తలుపు వేసుకుని పని చేసుకుంటుంది. కొడుకు రవీందర్ పసుపు మార్కెట్లో కాంటా దగ్గర తూకం పని చేస్తాడు. సీజన్ దాటితే ఆ పని ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. కోడలు హైదరాబాదు పోతే ఒకటో తరగతి చదివే హర్షిణి తల్లి వెంట పోకుండా ఉంటుందా? పొద్దున లేస్తే 'నానమ్మా' అంటూ మెడకు చుట్టుకునే పిల్ల... ఆ పిల్ల లేని ఇంటిని సుమిత్రమ్మ తలచుకోలేకపోయింది.

ఆమె గుండెలో ఇంకో దిగులు కూడా ఉంది. అది ఎవరికీ చెప్పుకోలేనిది. రెండేళ్ళుగా ఆమెకు చెవులు సరిగ్గా వినిపించడం లేదు! ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే పెదవులు చూసి పోల్చుకుంటుంది. పక్కనుంచి అన్నా, వెనకనుంచి పిలిచినా అంతా బావిలోంచి వచ్చినట్టే ఉంటుంది. తెలియకపోయినా "ఊఁ" అంటూ నెట్టుకొస్తోంది. చెబితే చూపించరా అంటే చూపిస్తారు, బంగారంలాంటి కొడుకూ కోడలూ. కానీ చెప్పడానికి నోరు రాదు. ఎందుకంటే చెవులు వినిపించని ముసలిదాని ముందు జనం ఎలా మాట్లాడుకుంటారో సుమిత్రమ్మకు బాగా తెలుసు. ఆమె అత్త లింబవ్వకు చెవుడు. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో తనూ వాడకట్టు ఆడవాళ్ళూ కలిసి బీడీలు చుడుతూ, ఆ ముసలమ్మ ముందే ఆమె తిండి గురించీ, నడక గురించీ నోటికొచ్చినట్టు అనుకుని నవ్వుకునేవారు. ఏదో మంచి ముచ్చటే అనుకుని లింబవ్వ కూడా నవ్వేది. ఆ నవ్వు చూసి వీళ్ళు ఇంకా పడీపడీ నవ్వేవారు. ఇప్పుడు ఆ నవ్వే తన ముఖంలోకి వస్తుందేమోనని సుమిత్రమ్మకు భయం...

కోడలు ఫోన్లు మాట్లాడేటప్పుడు టీవీ చప్పుడు ఉండకూడదని పోయిన నెలలో రవీందర్ తల్లికి తీగ లేని హెడ్‌ఫోన్లు తెచ్చాడు, ఫోన్‌లోనే సీరియళ్ళు చూసుకొమ్మని. ఇంట్లో చప్పుడు తగ్గించడానికి తెచ్చిన ఆ వస్తువుతోనే ఆమెకు పోయిన చప్పుళ్ళన్నీ తిరిగొచ్చాయి! నందిపేటలో ఉండే చెల్లెలు చంద్రవ్వ గొంతు రెండేళ్ళ తర్వాత స్పష్టంగా విని, ఆ రోజు బీడీలు చుట్టే చేతులు ఆపి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏమైందని నవత అడిగితే, కంట్లో బీడీల్లో వేసే జర్దా పడిందని అబద్ధం చెప్పింది.

మర్నాడు నెట్టు బాగుచేసే దేవిదాస్ వచ్చాడు. మధ్యాహ్నం పూటే ఆగుతోందని విని, ఇల్లంతా కలియజూశాడు. నెట్టు డబ్బా సుమిత్రమ్మ కూర్చునే చోటికి సరిగ్గా పైన, గూట్లో ఉంది. అతను ఆమెను హెడ్‌ఫోన్లు ఆపమని సైగ చేశాడు, మళ్ళీ పెట్టుకొమ్మన్నాడు, మళ్ళీ తీయమన్నాడు. ప్రతిసారీ తన ఫోన్ చూసుకున్నాడు. తర్వాత నవతతో ఏదో చెప్పాడు. హెడ్‌ఫోన్లు తీసేశాక సుమిత్రమ్మకు ఒక్క ముక్కా వినబడలేదు. గుబురు మీసం కింద అతని పెదవులూ కనబడలేదు. ఇద్దరూ తనవైపు తిరిగి చూస్తున్నారు... అంతే తెలిసింది.

నవత వచ్చి ఎదురుగా కూర్చుంది. "డబ్బా పాతదట అత్తమ్మా. నెట్టు, నీ హెడ్‌ఫోన్సు రెండూ గాలిల ఒక్క తొవ్వలనే నడుస్తయట. నువ్వు పెట్టుకున్నప్పుడల్లా నా దాంట్ల ఆగుతున్నది."

సుమిత్రమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. హెడ్‌ఫోన్లు కోడలి చేతిలో పెట్టేసింది. "నాకెందుకు బిడ్డా గివి? ఊకె పెట్టుకున్న. నీ కొలువు మంచిగుండాలె" అంది నవ్వుతూ. దేవిదాస్ గూటినుంచి నవత గదిదాకా గోడ వెంట చేయి చూపిస్తూ ఇంకేదో అన్నాడు. నవత అక్కర్లేదన్నట్టు తల ఊపింది. ఆ మాటేమిటో సుమిత్రమ్మకు తెలియలేదు, ఆమె అడగలేదు.

నవత ఉద్యోగం నిలబడింది. ఆ వారంలో ఒక్కసారీ నెట్టు ఆగలేదు. ఇంట్లో అందరి ముఖాలూ తేటపడ్డాయి. సుమిత్రమ్మ మాత్రం గోడకు ఎదురుగా కూర్చుని తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ, ఏ చప్పుడూ లేని పగళ్ళను ఒక్కొక్కటిగా దాటిస్తోంది. ఫోన్ వెలిగి చంద్రవ్వ పేరు కనబడితే ఎత్తి "తర్వాత మాట్లాడ్త చెల్లే" అని పెట్టేసింది. రెండుసార్లు అలా అయ్యేసరికి చెల్లెలు అలిగి ఫోన్ చేయడమే మానేసింది.

మరుసటి మంగళవారం మధ్యాహ్నం పెద్ద వాన. రోజూ ఆటో భోజన్న సందు మొదట్లో హర్షిణిని దించి ఫోన్ చేస్తాడు. హెడ్‌ఫోన్లున్నన్నాళ్ళూ ఆ ఫోన్ చెవిలోనే మోగేది, సుమిత్రమ్మ లేచి గడియ తీసేది. తర్వాత ఆ వేళకు తనే తలుపు బార్లా తీసి కూర్చునేది. ఆ రోజు జల్లు లోపలికి కొట్టి ఆకు తడుస్తోందని తలుపు వేసింది. గడియ పెట్టింది. ఫోన్ గూట్లో మోగి మోగి ఆగింది...

అరగంట తర్వాత గదిలోంచి వచ్చిన నవతకు తలుపు మీద చిన్న చిన్న దెబ్బలు వినిపించాయి. తీసి చూస్తే హర్షిణి! నెత్తినుంచి కాళ్ళదాకా ముద్దగా తడిసి, పళ్ళు కొట్టుకుంటూ గడప మీద నిలబడి ఉంది. తలుపుకు రెండు బారల దూరంలో, ఇటు వీపు పెట్టి, సుమిత్రమ్మ తాపీగా బీడీలు చుట్టుకుంటోంది. నవతకు ఒళ్ళు మండిపోయింది. ఆ వీపుతో ఆమె అన్న మాటలు సుమిత్రమ్మకు అప్పుడు తెలియనే లేదు, తర్వాత నవతే ఏడుస్తూ చెప్పుకుంది.

"హెడ్‌ఫోన్స్ ఇడిపిచ్చిన్నని నా మీద కోపముంటే నన్ను తిట్టు. పోరిని వానల నిలవెడతవా? గింత పంతమా అత్తమ్మా నీకు?"

చుడుతున్న చేతులు ఆగలేదు. నవత ఇంకో మాట అనబోయింది. హర్షిణి వణుకుతూనే తల్లి చేయి పట్టి లాగింది.

"ఎన్కకెల్లి అంటే నానమ్మకు ఇనవడది మమ్మీ. ముందటికి వచ్చి చెప్పాలె. నేను గట్లనే చెప్త."

ఆ పిల్ల అది చాలా మామూలు సంగతిలా చెప్పింది. వెళ్ళి నానమ్మ ముందు కూర్చుని, తడిచేతులతో ఆమె గడ్డం పట్టుకుని, "నేనొచ్చిన" అంది. సుమిత్రమ్మ ఉలిక్కిపడింది. పిల్ల జుట్టులోంచి కారుతున్న నీళ్ళు చూసింది, తలుపు దగ్గర రాయిలా నిలబడ్డ కోడలిని చూసింది. ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కాలు తగిలి చేట బోర్లాపడి, బీడీలన్నీ చెదిరిపోయినా చూడకుండా, మనవరాలిని గుండెకు హత్తుకుని బావురుమంది.

నవత పిల్లకు తల తుడిచి, పొడిబట్టలు వేసి, వచ్చి అత్త ఎదురుగా కూర్చుంది. "ఎందుకు చెప్పలే అత్తమ్మా?"

సుమిత్రమ్మ లింబవ్వ సంగతంతా చెప్పింది. ఎవరి ముందూ ఎప్పుడూ ఒప్పుకోని ఆ నవ్వుల సంగతి కూడా దాచలేదు. "నేను చేసిందే నాకొస్తదని బుగులైంది బిడ్డా..." అంది.

నవత తల వంచుకుంది. అంతలోనే గుర్తొచ్చి, అత్తకు కనబడేలా ముఖం ఎత్తింది. "ఆనాడు దేవిదాసన్న ఇంకో మాట గూడ చెప్పిండు. డబ్బాకెల్లి నా కంప్యూటర్‌దాక వైరు గుంజితే నీ హెడ్‌ఫోన్స్ నీకే ఉండొచ్చన్నడు. గోడకు తూటు కొట్టాలన్నడు. నువ్వు నవ్వుకుంటనే ఇచ్చినవు గదా, ఎందుకులే అన్న. నీ ముందటనే అన్న అత్తమ్మా..."

సుమిత్రమ్మ కోడలి తల నిమిరింది, అంతే.

మర్నాడు దేవిదాస్ గోడకు తూటు కొట్టి వైరు లాగాడు. గంట కూడా పట్టలేదు. శనివారం చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతానన్నాడు రవీందర్. సుమిత్రమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముందుగా చంద్రవ్వకు ఫోన్ చేసి, అలక తీరేదాకా తిట్లు తిన్నది. ఒక్కో తిట్టూ స్పష్టంగా వినబడింది!

సాయంత్రం ఆమె సీరియల్ ఆపి చేట ముందు కూర్చుంది. నవత గదిలోంచి వచ్చి, చుట్టూ తిరిగి, అత్త ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆమె హెడ్‌ఫోన్లు దించేదాకా ఆగింది. "ఏం కూర ఒండుదాం అత్తమ్మా?"

సుమిత్రమ్మ చేతులు ఆగిపోయాయి. లింబవ్వ కూడా ఈ గోడ దగ్గరే కూర్చునేది. ఎన్ని ఏళ్ళు... ఒక్కనాడైనా తను ఇలా చుట్టూ తిరిగి వచ్చి ఆమె ముందు కూర్చుని, ఏం తింటావు అత్తా అని అడిగిందా? కళ్ళు నిండిపోయాయి.

"ఏమైంది అత్తమ్మా, కంట్ల జర్దా పడ్డదా?"

"లేదు బిడ్డా" అంది సుమిత్రమ్మ. "మా అత్త యాదికొచ్చింది."