వానలో నిలబెట్టిన అమ్మాయి

"మీ అమ్మాయి పలకట్లేదండీ!"

పెళ్లే కాని మునిగారికి అమ్మాయెక్కడిదని ఆఫీసంతా కుర్చీలు వెనక్కి తిప్పి చూసింది. సంగతి గేమ్‌లో బొమ్మ గురించని తెలిసి, ఉసూరుమంటూ మళ్లీ ఎవరి తెరలో వాళ్లు తల దూర్చారు.

అరిచింది జోరీగ. ఆ వీడియో గేమ్ కంపెనీలో టెస్టర్. గేముల్లో తప్పులు పట్టడం ఆమె పని. పట్టిన తప్పు దిద్దేదాకా చెవి దగ్గర రొద పెడుతుంది కనక ఆ పేరు. ముని ఆ గేమ్ తయారు చేసినవాడు. అతనికా పేరు ఎందుకొచ్చిందో నేను చెప్పక్కర్లేదు, మీకే తెలుస్తుంది.

"అది తప్పు కాదండీ, డిజైన్," అన్నాడు తెరకేసి చూస్తూ.

"పలకరిస్తే పలకకపోవడం డిజైనా? అయితే మా ఇంటి ఓనరుదీ డిజైనే."

ఆ గేమ్ పేరు 'వాన వెలిసేదాకా'. ఒక బస్టాపు. వాన. ఒక అబ్బాయి. పసుపు గొడుగుతో ఒక అమ్మాయి. మనం అబ్బాయిగా ఆడాలి. ఆడటమంటే చూడటమే. అబ్బాయి అమ్మాయిని చూస్తాడు, బస్సు రాదు. అంతే!

కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ వానంత అందమైన వాన ఏ గేమ్‌లోనూ లేదు. రేకు మీద పడే చినుకు చప్పుడు వేరు, గొడుగు మీద పడేది వేరు. చూస్తుంటే అరచేయి చాపాలనిపిస్తుంది. చాపినవాళ్లే లేరు పాపం. ఉన్న నాలుగు అభిప్రాయాల్లో మూడు "బస్సెప్పుడొస్తుంది?" అని. నాలుగోది మాత్రం "మా తాతయ్యకి హాయిగా నిద్ర పట్టింది, అయిదు చుక్కలు."

రోజూ ఆడేది ముని వాళ్లమ్మ ఒక్కతే. "వాడికి నోట్లో నాలుక లేదంటే నీ పోలికనుకుంటాను. ఆ పిల్లకేం వచ్చిందిరా?" అని ఆవిడా అడుగుతూనే ఉంది.

ఇక వీళ్ల మేనేజరు. ఏ గేమ్ చూపించినా "ఇందులో డ్రాగన్ ఏదయ్యా?" అంటాడు. కూరగాయల కొట్టు గేమ్‌లోనూ వంకాయల వెనక ఒకదాన్ని పెట్టించిన ఘనుడు.

"సోమవారం మీటింగులో నేనే ఆడి చూస్తాను," అన్నాడు మునితో. "బస్టాపులో డ్రాగన్ దిగిందా, సరే. లేదంటే గేమ్ తీసేస్తాం."

రెండేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది. ముని యథాప్రకారం "సరే సార్" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం బయట నిజం వాన. ఆఫీసులో ముని ఒక్కడే కూర్చుని, బస్టాపు వెనక డ్రాగన్ తోక ఎంత పొడుగుండాలా అని ఏడుపు మొహంతో ఆలోచిస్తున్నాడు. జోరీగ సగం తడిసి వచ్చి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఒకటడుగుతాను, నిజం చెప్పండి. ఈ అమ్మాయి గొడుగులో ఒక ఊచ వంగి ఉందెందుకు?"

"ఊరికే..."

"నా గొడుగుకీ అదే ఊచ వంగింది. ఈ సంచీ నాదే. చెప్పులు కూడా నావే!"

ముని దొరికిపోయాడు. ఆఫీసు ఎదురుగా బస్టాపులో సాయంత్రాలు నిలబడే జోరీగని కిటికీలోంచి చూసి చూసి, కిందికి దిగి ఒక్క మాట అడగలేక, మహానుభావుడు ఏకంగా గేమ్ తయారు చేశాడు. ఇంకెవరైనా అయితే కాఫీకి పిలిచేవారు.

"కోపం వచ్చిందా?" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"బొమ్మ గీసినందుకు కాదు. ముచ్చటగానే ఉంది. వెంట్రుక వెంట్రుకకీ గాలి పెట్టారు, చినుకు చినుకుకీ చప్పుడు పెట్టారు. నాకు ఒక్క మాట పెట్టలేదు! రెండేళ్లు వానలో నిలబెట్టి, చూసుకుని మురిసిపోయారు. నాకూ నోరుందని మీకు తోచనే లేదా?"

"తోచింది," అన్నాడు ముని. "ఆ నోరు వద్దంటుందేమోనని భయం."

జోరీగ అతని ముందున్న కీబోర్డు తనవైపు లాక్కుంది.

"లేవండి," అంది. "మాటలు ఎక్కడ రాయాలో చూపించండి."

"ఏం రాస్తారు?"

"సోమవారం అందరితో పాటు వినండి."

సోమవారం మేనేజరు ఆట మొదలుపెట్టాడు. వాన. అబ్బాయి. అమ్మాయి. "డ్రాగన్ ఏదయ్యా?" అంటూ విసుగ్గా మౌస్ అటూ ఇటూ తిప్పి అమ్మాయి మీద క్లిక్ చేశాడు.

అమ్మాయి గిర్రున తిరిగింది. "రోజూ చూస్తావు. చూసి ఏం చేస్తావు? చెప్పేదేదో చెప్పు, తడిసిపోతున్నాను!" కింద జవాబు రాయడానికి ఖాళీ గడి తెరుచుకుంది.

మేనేజరు ఉలిక్కిపడి కాలరు సర్దుకున్నాడు. "నన్నే అడుగుతోందయ్యా! ఏం చెప్పను?"

"గొడుగు ఎక్కడ కొన్నారని అడగండి సార్," అన్నాడు అకౌంటెంటు.

"జీతం ఎంత ఆశిస్తోందో కనుక్కోండి," అంది ఉద్యోగాలిచ్చే మేడం.

"ఛీ, మీ మొహాలు! ముని, గేమ్ నీది, నువ్వు చెప్పు. నీకూ తెలియకపోతే ఇప్పుడే తీసేస్తాను."

ముని తెర వంక చూశాడు. గోడకి ఆనుకుని పెన్ను మూత తిప్పుతున్న జోరీగ వంక చూశాడు. గేమ్ పోతే పోతుంది, ఏడుస్తాడు, ఇంకోటి చేసుకుంటాడు. ఈమె నోరు విప్పి అడిగింది. ఇప్పుడూ నీళ్లు నమిలితే మళ్లీ జన్మలో అడగదు.

లేచి ఆమె వైపు తిరిగాడు.

"నువ్వంటే నాకిష్టం," అన్నాడు. "రెండేళ్లుగా. కిందికి దిగి రావడానికి భయమేసింది. అంతసేపు తడిపినందుకు క్షమించు."

"మెల్లగా చెప్పవయ్యా, టైపు చేసుకుంటున్నా!" అన్నాడు మేనేజరు వేళ్లు వెతుక్కుంటూ. "నాకిష్టం... తర్వాతేంటి?"

జవాబు గడిలో పడగానే, జోరీగ శనివారం పెట్టినట్టే, తెర మీద దూరంగా బస్సు దీపాలు వెలిగాయి. "బస్సొచ్చిందోయ్!" అని ఆ పెద్దమనిషి చిన్నపిల్లాడిలా బల్ల చరిచాడు. "దీన్ని ఊరూరా ఆడాలయ్యా! నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, డ్రాగన్లు వద్దని!"

ఆయనకి ఎవరూ అడ్డు చెప్పలేదు. అందరి కళ్లూ జోరీగ మీదే ఉన్నాయి.

"మరి... నీకు?" అన్నాడు ముని.

"ఇష్టం లేకపోతే శనివారం వానలో పడి ఆఫీసుకొస్తానా?" అంది, ముఖం ఎర్రబడుతుంటే. "కానీ ఒక్కటి. ఈ మాట అనడానికి నీకు రెండేళ్లూ ఒక గేమూ పట్టింది. పెళ్లి మాట ఎత్తడానికి ఇంకో గేమ్ చేస్తానంటే ఊరుకోను. ఆదివారం వచ్చి మీ అమ్మతో నేనే మాట్లాడతాను."

"అక్కర్లేదు, నేనే మాట్లాడతాను," అన్నాడు ముని. "ఇవాళే."