పదో సంతకం

వ్యాను సందులోంచి దూసుకుపోతోంది.

వెనకాల జీపు!

దాని హెడ్‌లైట్లు కళ్లు పొడుస్తున్నాయి. డ్రైవరమ్మ లోపలి అద్దాన్ని పక్కకి తోసేసింది.

"బాబాయ్! బతికే ఉన్నావా?"

వెనక సీట్లో సైకిల్ షాపు బాబాయ్ చేతులకున్న తాడు పళ్లతో కొరుక్కుంటున్నాడు. పెదవి చిట్లి రక్తం కారుతోంది.

"ఉన్నానే తల్లీ... నువ్విలాగే తోలితే ఎంతసేపు ఉంటానో చెప్పలేను!"

పొద్దున్నించీ ఆయన్ని గోడౌన్లో కట్టి పడేశారు. ఎలాగో పసిగట్టి, కాపలావాడు టీకి పోగానే ఆమె తాళం పగలగొట్టింది.

ఆరింటికి ఎన్నికల ఆఫీసు మూసేస్తారు. ఆలోపు ఆమె నామినేషన్ మీద సంతకం పెట్టిన పదిమందీ ఆఫీసరు ముందు నిలబడి "ఇది నాదే" అనాలి. ఒక్కరు తగ్గినా బ్యాలెట్ మీద ఆమె పేరుండదు!

పెద్ద పార్టీలకైతే ఒక్క సంతకం చాలు. సొంతంగా నిలబడేవాళ్లకే ఈ దిక్కుమాలిన రూలు!

మొదట ఫోటో సైజు తప్పన్నారు. తర్వాత ఇంకు రంగు తప్పన్నారు. కాళ్లరిగేలా తిప్పారు. ఇప్పుడు ఏకంగా మనిషినే మాయం చేశారు!

ఒళ్లు మండిపోతోంది ఆమెకి.

ఏళ్ల తరబడి అంబులెన్స్ తోలింది. ఊరి ఆసుపత్రికి తాళం వేసింది ఒక పార్టీ. అది తియ్యకుండా కూర్చుంది ఇంకో పార్టీ. పక్క ఊరు చేరేలోపు తన వెనకాలే ఊపిరి ఆగిపోయినవాళ్లు ఎందరో! అందుకే ఉద్యోగం మానేసి నిలబడింది.

"నిలబడవే, నేనున్నా" అన్నది అన్నయ్యే. ఆయన అద్దె బళ్లు తిప్పుతాడు. ఈ వ్యానూ ఆయనదే. పదో సంతకమూ ఆయనదే. ఇంట్లోవాడిది ఎక్కడికి పోతుందని చివర్న పెట్టించింది.

ఫోన్!

"ఎక్కడున్నావే?" అన్నయ్య గొంతు.

"వచ్చేస్తున్నా! బాబాయ్ దొరికాడు!"

అన్నయ్య గొంతు తగ్గించాడు.

"వద్దే... ప్రాణం మీదకి తెచ్చుకోకు. ఎక్కడైనా ఆగిపో. ఈసారికి వదిలెయ్."

"చచ్చినా వదలను! గేటు మూయకుండా చూడు!"

పాపం, అన్నయ్యకి తనంటే ఎంత ప్రాణమో.

ధన్!

జీపు గుద్దింది. వ్యాను ఊగిపోయింది...

ఆసుపత్రి వెనక సందులోకి తిప్పేసింది! బయటి అద్దాలు మడిస్తేనే అంబులెన్స్ పట్టేది అందులో. చెయ్యి చాపి తన వైపు అద్దం మడిచింది. అవతలిది గోడ తగిలి ఎగిరిపోయింది. రెండు పక్కలా రాసుకుంటూ వ్యాను బయటపడింది.

జీపు ఇరుక్కుపోయింది!

"మీ అన్నయ్య బండి పెయింటు గోవిందా!" అన్నాడు బాబాయ్.

"కొత్తది వేయిస్తాలే!"

ఆఫీసు గేటు మూసుకుంటోంది. ఆమె మధ్యలో కాలు పెట్టేసింది.

"ఇంకా టైముంది! జరుగు!"

లోపల అన్నయ్యతో సహా మిగతా తొమ్మిదిమందీ వరసలో నిలబడి ఉన్నారు. ఓ మూల రెండు పార్టీల ఏజెంట్లు ఒకే ప్యాకెట్లోంచి బిస్కెట్లు తింటున్నారు. ఏం కంగారు లేదు వాళ్లకి.

ఆఫీసరు ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. "ఇది మీ సంతకమేనా?"

"నాదే."

"నాదేనండీ."

బాబాయ్ రక్తం తుడుచుకుని ముందుకొచ్చాడు. "పళ్లు రాలగొట్టినా నాదే!"

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి. గెలిచినంత ఆనందం!

చివర్న అన్నయ్య.

ఆయన తల ఎత్తడం లేదు.

"చెప్పు అన్నయ్యా!"

"నాది... కాదండీ."

ఆమె అన్నయ్య భుజం పట్టుకుని ఊపేసింది.

"నా ఎదురుగానే పెట్టావు కదా!"

"నా బళ్ల పర్మిట్లన్నీ ఆ పార్టీలవాళ్ల చేతుల్లో ఉన్నాయే..." అన్నయ్య కళ్లలో నీళ్లు. "నా నోటితో ఈ మాట అనలేకే బాబాయ్‌ని దాచమన్నాను. కొట్టొద్దని కూడా చెప్పాను! ఆగిపొమ్మని నిన్ను బతిమాలాను కదే... ఎందుకొచ్చావు?"

ధన్!

ఆఫీసరు తిరస్కరణ ముద్ర కొట్టాడు.