తాపీ పని

ఆ ఇంట్లో పొద్దున్నే ముందు లేచేది మేస్త్రీ. టీ తాగి, సంచిలో తాపీ, రసమట్టం, తూకం గుండు వేసుకుని ఆరింటికల్లా గడప దాటేస్తాడు. ఆ రోజు మాత్రం ఎనిమిదైనా ఇంట్లోనే ఉన్నాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గోళ్ల సందుల్లో సిమెంటును పాత బ్రష్షుతో రుద్దుకుంటున్నాడు. ఎంత రుద్దినా పోదని ఇరవై రెండేళ్ల అనుభవం చెబుతూనే ఉంది, అయినా రుద్దుతున్నాడు. కూతురి బడిలో పిల్లలు రాసిన వ్యాసాలు గోడలకు అంటించారట, అమ్మానాన్నల్ని చూడ్డానికి రమ్మన్నారు.

కూతురు ఆరో తరగతి. చిన్నప్పుడు దానికి ఇంట్లో పెట్టిన పేరు 'ఎందుకమ్మ'. వాన ఎందుకు పడుతుంది, పిల్లి ఎందుకు మాట్లాడదు అంటూ ప్రాణాలు తోడేసేది. ఏడాది క్రితం ఫోను చేతికొచ్చాక ఇల్లు చల్లబడింది. తల్లి జిరాక్సు షాపులో పని చేస్తుంది. కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్లందరితో మా అమ్మాయి ఎవర్నీ విసిగించదు, అన్నీ అదే చూసి నేర్చేసుకుంటుంది అని చెప్పుకునేది. మేస్త్రీ కూడా అది గొప్పే అనుకున్నాడు. అలా అనుకుంటే అతనికి కొంచెం సుఖంగా ఉండేది.

బడి వరండా నిండా జనం. 'మా ఇంట్లో వాళ్ల పని' అన్న అట్టముక్క కింద వరసగా కాగితాలు. కూతురి గుండ్రటి అక్షరాలు దూరం నుంచే గుర్తుపట్టి మేస్త్రీ అటు నడిచాడు. ఒక్క కొట్టివేత కూడా లేకుండా ముచ్చటగా రాసింది.

'మా నాన్న తాపీ పని చేస్తారు. తాపీ అంటే నెమ్మది, నింపాది, తొందర లేకపోవడం. తాపీగా పని చేసేవారికి మానసిక ఒత్తిడి ఉండదు. రక్తపోటు అదుపులో ఉంటుంది. కాబట్టి అందరూ మా నాన్నలాగా తాపీగా పని చేయాలి.'

పక్కన నిలబడ్డ ఎవరి తండ్రో అది పైకి చదివి, ఇలాంటి ఉద్యోగం మనకీ దొరికితే ఎంత బావుణ్ణు అని భార్యతో అన్నాడు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రాసింది ఎవరి గురించో వాళ్లకి తెలియదు పాపం. మేస్త్రీ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకున్నాడు.

తెలుగు టీచరమ్మ కంగారుగా వచ్చింది. తను దిద్దేలోపే పిల్లలు అంటించేశారని సంజాయిషీ చెప్పి, పిల్లని దగ్గరికి తీసుకుని, నాన్ననే అడగొచ్చు కదమ్మా అంది.

"అడిగాను టీచర్. ఫోన్లో చూసుకో అన్నారు. చూశాను."

ఆ గొంతులో ఫిర్యాదేమీ లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. మేస్త్రీకి మాత్రం ఆ వరండాలో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ముగ్గురూ ఇంటిదారి పట్టారు. ఇల్లు చేరగానే తల్లి విరుచుకుపడింది. రోజూ చేతులు సిమెంటుకి ఒరుసుకుపోయి ఇంటికొచ్చే మనిషిని కళ్లెదురుగా పెట్టుకుని తాపీ అంటే ఏమిటో ఫోనులో వెతుకుతావా, నలుగురిలో నాన్న పరువు తీస్తావా అని దులిపేసింది. ఫోను లాక్కుని బీరువా మీద పడేసింది. రేపట్నుంచి దాని జోలికి వెళ్లావో చూడు అంది.

పిల్ల తలెత్తి చూసింది.

"మరి ఎవర్ని అడగాలమ్మా?"

అది ఎదురు సమాధానం కాదు. నిజంగానే అడిగింది. తల్లి చూపు బీరువా మీది ఫోను వైపు మళ్లింది. గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ, సీరియల్ చూస్తూ ఎన్నిసార్లు తను 'ఫోన్లో చూసుకోవే' అందో లెక్కే లేదు. అలాగే కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"దాన్నేం అనకు. తప్పు నాది" అన్నాడు మేస్త్రీ.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. పోయినేడాది సగమూ మూడోవంతూ కూడితే ఎంతని పిల్ల అడిగితే, పైవి పైకి, కిందివి కిందికి కలిపేసి, ఐదింట రెండు అని ధీమాగా చెప్పాడు. తర్వాత ఆ లెక్క మీద ఎర్రటి ఇంటూ పడింది. పిల్ల ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు. అతనే నోటుబుక్కు తిరగేస్తుంటే కనబడింది. అప్పట్నుంచి అది పుస్తకం పట్టుకుని వస్తుంటే ఫోన్లో చూసుకో అని తప్పించుకునేవాడు.

"నాన్నకి ఏమీ రాదని నీకు తెలిసిపోతుందేమోనని సిగ్గేసిందిరా. అందుకే నిన్ను ఫోనుకి అప్పజెప్పేశాను. చివరికి నాకొచ్చిన ఒక్క పని గురించి అడిగినా ఆ మాటే వచ్చింది నోటికి."

పిల్ల దగ్గరకొచ్చి ఆయన చెయ్యి తిప్పి, పగిలిన అరచేతిని వేలితో మెల్లగా తడిమింది.

ఆదివారం ఉదయం మేస్త్రీ దాన్ని పని జరిగే చోటుకి తీసుకెళ్లాడు. తాపీని చేతికిచ్చి, దీన్నే తాపీ అంటారు, దీంతో చేస్తాం కాబట్టే తాపీ పని అన్నాడు. పిల్ల ఒక తాపీడు సిమెంటు మాలు గోడ మీదకి విసిరితే సగం దాని కాళ్ల మీదే పడింది. తూకం గుండు ఎందుకు, ఇటుకలు ముందే ఎందుకు తడపాలి అని వరసపెట్టి అడిగింది. అన్నిటికీ చెప్పాడు. అప్పుడు అడిగింది, కట్టిన గోడ మీద రోజూ నీళ్లు కొడితే సిమెంటు కరిగిపోకుండా ఎందుకు గట్టిపడుతుంది అని.

మేస్త్రీ నోటిదాకా వచ్చిన పాత మాటని మింగేశాడు.

"తెలీదమ్మా. గట్టిపడుతుందని తెలుసు. ఎందుకో తెలీదు."

సంచిలోంచి తన ఫోను తీశాడు. ఇద్దరూ ఇసుక కుప్ప మీద కూర్చుని చదివారు. సిమెంటు ఆరి గట్టిపడదట, నీళ్లతో కలిసి కొత్త పదార్థంగా మారి గట్టిపడుతుందట. ఇన్నాళ్లూ ఆరుతోందనే అనుకున్నానే అని నవ్వాడు. వారం నీళ్లు పెడితే చాలని అందులో ఉంటే, ఇంత ఎండలో చాలదు, ఇంకా పెట్టాలి అన్నాడు. పిల్ల రెండూ రాసుకుంది.

మధ్యాహ్నానికి వ్యాసం మళ్లీ రాసి, తప్పులుంటే చెప్పమని ఆయన చేతిలో పెట్టింది. మేస్త్రీ ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. ఆఖరి వాక్యం దగ్గర ఆగాడు. 'మా నాన్నకి అన్నీ తెలుసు' అని ఉంది.

"ఇది తప్పు, కొట్టెయ్" అన్నాడు.

పిల్ల కాసేపు పెన్సిలు కొరుక్కుంటూ ఆలోచించి, ఆ వాక్యం కొట్టేసి, దాని కింద ఇంకోటి రాసి చూపించింది.

'మా నాన్నకి తెలియనివి కూడా ఉన్నాయి. ఆ సంగతి ఆయనే నాకు చెప్పారు.'

ఈసారి తప్పు పట్టడానికి మేస్త్రీకి అక్షరాలు కనబడలేదు. కాగితం తడిసిపోతుందని పిల్లే మెల్లగా ఆయన చేతిలోంచి తీసుకుంది.