ఓడినవాళ్ళే రిఫరీ

శనివారం పొద్దున కళ్ళజోళ్ళాయన ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. సోఫా మీద నీలం రబ్బరు బంతుల డబ్బాలు, కుర్చీలో తువ్వాళ్ళ దొంతర, భోజనాల బల్ల మీద ఆయన కళ్ళజోళ్ళ షాపు నుంచి మోసుకొచ్చిన, ఆటలో కళ్ళకి దెబ్బ తగలకుండా పెట్టుకునే ప్లాస్టిక్ కళ్ళద్దాలు. కాఫీ కప్పు పెట్టడానికి చోటు లేక ఆయన భార్య దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది.

"ఏటా ఈ రెండు రోజులూ నాకు ఇల్లుండదు, మీకు ఒళ్ళు తెలియదు," అందామె.

"టోర్నమెంటు నడపడమంటే మాటలనుకున్నావా?" అన్నాడాయన, బంతుల్ని ఒక్కొక్కటే నేలకేసి కొట్టి చూస్తూ. సరిగ్గా ఎగరనివాటిని పక్కన పడేస్తున్నాడు. అవి దొర్లుకుంటూ వెళ్ళి మంచం కిందా ఫ్రిజ్ కిందా దూరుతున్నాయి. వాటిని ఏరేది ఎవరో ఆవిడకి తెలుసు.

వీధి చివరి క్రీడాభవనంలో రాకెట్‌బాల్ క్లబ్బు ఉంది; నాలుగు గోడల మధ్య రాకెట్టుతో గోడకేసి బంతి కొట్టే ఆట అది. ఆ క్లబ్బు టోర్నమెంటు ఆయన చేతుల మీదే నడుస్తుంది. ఎవరు ఎవరితో ఆడాలో చీట్లు తీయడం, కోర్టు తుడిపించడం, అలిగినవాళ్ళని బుజ్జగించడం అన్నీ ఆయనే. ఒక్క విషయంలో మాత్రం ఎవరు అలిగినా వినడు. ఓడినవాళ్ళు తర్వాతి ఆటకి రిఫరీగా కూర్చోవాలి. 'ఓడామని మొహం చాటేసి ఇంటికి పోతే ఆట నడిచేదెలా? కుర్చీ ఎక్కండి' అంటాడు.

కూతురు బూట్లు చేత్తో పట్టుకుని గదిలోంచి వచ్చింది. కొన్ని నెలల క్రితం ఉద్యోగం మానేసి వచ్చినప్పట్నుంచీ ఆ పిల్ల నలుగురిలోకి రావడమే తగ్గించింది. ఆఫీసు మీటింగులో అందరి ముందూ మేనేజరు అరిచాడట. 'తెలియకపోతే తెలియదని చెప్పు, అందరి టైమూ ఎందుకు తింటావు' అన్నాడట. నిజానికి తప్పు లెక్క అతనిదే. ఆ మాట భోజనాల దగ్గర చెప్పి ఏడ్చినరోజు, కళ్ళజోళ్ళాయన కంచం ముందునుంచి లేచిపోయాడు. నెల రోజులు ఆ మేనేజర్ని తిట్టని పూట లేదు. చివరికి బతిమాలి కూతుర్ని కోర్టుకి తీసుకెళ్ళాడు. గోడకేసి బంతి కొట్టినకొద్దీ ఆమె మొహంలోకి మళ్ళీ కళ వచ్చింది.

"ఓడిపోతానని భయం లేదు నాన్నా," అంది లేసులు కట్టుకుంటూ. "ఓడితే ఆ కుర్చీలో కూర్చోవాలిగా. అందరూ నన్నే చూస్తుంటే నా నోరు పెగలదు."

"నీ కంటికి కనబడింది చెప్పు, చాలు. నీ మాటకి ఎదురు చెప్పేవాడెవడో నేను చూసుకుంటా."

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయన చంకలో డబ్బాలతో ఏనుగెక్కినట్టు ఇంట్లోంచి బయల్దేరాడు.

సాయంత్రానికి నలుగురు మిగిలారు. మొదటి సెమీఫైనల్లో కూతురు బస్సు డ్రైవరు చేతిలో ఓడింది. ఓడినా చెమటలు కారుతూ నవ్వుతూనే బయటికొచ్చింది. రెండోది కళ్ళజోళ్ళాయనకీ ఆయన బావమరిదికీ. బావమరిది డ్రైవింగు స్కూలు నడుపుతాడు. నోరు విప్పితే వేళాకోళమే. "బావా, ఈసారి మీకు రివర్సు గేరే," అని పొద్దుట్నుంచీ వెంటపడుతున్నాడు. పైగా నాలుగేళ్ళుగా గెలుస్తున్నది కూడా అతనే.

కోర్టు వెనక గోడంతా అద్దం. దాని బయట బల్లల మీద జనం, మధ్యలో ఎత్తు కుర్చీ. కూతురు మెల్లిగా ఆ కుర్చీ ఎక్కింది. మొదట్లో గొంతు వణికింది. పోనుపోను స్థిరపడింది. స్కోరు ఖంగుమని చెప్తుంటే తల్లి బల్ల మీద ముందుకు జరిగి కూర్చుంది.

ఆట చివరికొచ్చింది. ఇంకొక్క పాయింటు వస్తే బావమరిది గెలిచినట్టే, కళ్ళజోళ్ళాయనకి ఇంకా మూడు కావాలి. సర్వీసు కూడా బావమరిదిదే. బంతి పక్కగోడకి తగిలి కిందికి దిగుతుంటే కళ్ళజోళ్ళాయన వంగి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. బంతి నేలబారుగా వెళ్ళి ఎదుటి గోడ మొదట్లో తగిలింది. బావమరిది అందుకోలేకపోయాడు.

"స్కిప్," అంది కూతురు.

గోడకి తగలకముందే బంతి నేలని తాకితే స్కిప్. కొట్టినవాడికి ఆ పాయింటు పోయినట్టే, ఇప్పుడైతే ఆటే పోయినట్టు. తాకినప్పుడు ఒక చప్పుడు బదులు వెంటవెంటనే రెండు చప్పుళ్ళవుతాయి. కళ్ళజోళ్ళాయనకి రెండూ వినిపించాయి. వినిపించాయి కానీ, అప్పటికే కాళ్ళు తలుపు దగ్గరికి నడిచేశాయి.

"ఏం స్కిప్? కళ్ళు పెట్టుకుని చూడు," అన్నాడు అద్దం తలుపు తోసి.

"కింద తగిలింది నాన్నా."

"తెలియకపోతే తెలియదని చెప్పు. అందరి టైమూ ఎందుకు తింటావు? ఈ టోర్నమెంటు నడిపేది నేను. పాయింటు నాదే, కానివ్వండి."

బావమరిది రాకెట్టుతో మోకాలు గీరుకుని, "సరే, బావదే," అన్నాడు. వేళాకోళం చెయ్యలేదు. ఆ తర్వాత రెండు బంతుల్లో ఆట అయిపోయింది, కళ్ళజోళ్ళాయన గెలిచాడు. ఎవరో ఇద్దరు చప్పట్లు కొట్టి ఆపేశారు. చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది.

ఇంటికొచ్చేసరికి కూతురి గది తలుపు వేసి ఉంది. బూట్లు గుమ్మంలో పక్కకి ఒరిగి ఉన్నాయి. భార్య వంగి మంచం కింది బంతులు ఏరుతోంది.

"తలనొప్పి అందా?" అన్నాడు.

"ఏమీ అనలేదు. ఆ మేనేజరు అరిచినరోజు కూడా ముందు ఏమీ అనలేదు." ఆమె బంతులు డబ్బాలో వేసింది. "మాట కూడా అదే కదండీ. ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పారు."

ఆయనకి అప్పుడు తట్టింది. నెల్లాళ్ళు తిట్టి తిట్టి నోటికొచ్చేసిన మాట, పిల్ల మీదకే వచ్చేసింది. వెళ్ళి తలుపు మీద రెండు వేళ్ళతో తట్టాడు.

"అమ్మా, ఆటలో ఆవేశం. ఏదో నోరు జారాను. పట్టించుకోకు."

లోపల్నుంచి గొంతు వచ్చింది. "నాన్నా, బంతి కింద తగిలిందా, లేదా?"

ఔనంటే చాలు. రెండు అక్షరాలు. "అంత వేగంలో చెప్పడం కష్టమేలే," అన్నాడాయన.

తలుపు తెరుచుకోలేదు. వెనక్కి తిరిగితే భార్య నిలబడి ఉంది.

"ఊరందరికీ చూపు సరిచేస్తారు," అందామె గొంతు తగ్గించి. "పదిమందిలో పారేసిన మాట, తలుపు చాటున ఏరుకుంటే దొరుకుతుందా? రేపు ఫైనల్ ఆడండి, కప్పు కూడా తెచ్చుకోండి. ఆ పిల్ల మళ్ళీ ఎవరి ముందూ నోరు విప్పదు, అంతే."

ఆదివారం పొద్దున ఆయన సరాసరి బావమరిది ఇంటికి వెళ్ళాడు. అతను పళ్ళు తోముకుంటూ తలుపు తీశాడు.

"రాకెట్టు తీసుకుని రా. ఫైనల్ ఆడాల్సింది నువ్వు. నిన్నటిది స్కిప్పే."

"నాకు తెలుసు బావా. నా పక్కనే కదా తగిలింది."

"మరి నిన్న అనలేదేం?"

బావమరిది నురగ ఉమ్మేసి వచ్చాడు. "పిల్ల అంది కదా. సొంత కూతురి మాటే చెవిన పడనప్పుడు, నా మాట ఏం పడుతుంది?"

ఆయన తల దించుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి బావమరిదికే జాలేసింది. "చొక్కా మార్చుకొస్తా, కూర్చోండి," అన్నాడు.

క్రీడాభవనంలో జనం నిన్నటికంటే ఎక్కువే ఉన్నారు. ఇలాంటి కబుర్లకి కాళ్ళు అక్కర్లేదు. కళ్ళజోళ్ళాయన అద్దం గోడకి వీపు పెట్టి నిలబడ్డాడు. షాపులో ఎంతమందితోనో మాట్లాడే మనిషి, ఇవాళ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తువ్వాలు నలిపేస్తున్నాడు.

"నిన్న నేను కొట్టిన బంతి స్కిప్," అన్నాడు. గొంతు తనకే వినబడలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. "స్కిప్. నాకు అప్పుడే తెలుసు. తెలిసే అడ్డం తిరిగాను. రిఫరీ సరిగ్గానే చూసింది, సరిగ్గానే చెప్పింది. నేనే అబద్ధం ఆడి, పైగా ఆ పిల్లని అనరాని మాట అన్నాను. టోర్నమెంటు నడిపేవాణ్ణి కదా అని నోరు నాదే అనుకున్నాను. సిగ్గుగా ఉంది."

తలెత్తితే తలుపు దగ్గర భార్య కనబడింది. ఆమె వెనక, సగం కనబడుతూ, కూతురు. ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో తెలియదు. దగ్గరికి వెళ్ళాలనిపించింది కానీ, అందరి ముందూ ఆ పిల్లని మళ్ళీ ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఆగిపోయాడు.

"నిన్న ఓడింది నేను. ఓడినవాళ్ళే రిఫరీ," అని చెప్పి ఎత్తు కుర్చీ ఎక్కాడు.

పైనుంచి చూస్తే అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. నిన్న ఆ పిల్ల ఇంతమంది చూపుల మధ్య, ఇంత ఎత్తున, ఒక్కతే కూర్చుని మాట మీద నిలబడిందన్నమాట. ఈ కుర్చీలోకి అందర్నీ తోసేవాడే గానీ, ఇక్కణ్ణుంచి ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆట మొదలైంది. బస్సు డ్రైవరూ బావమరిదీ నువ్వా నేనా అని ఆడుతున్నారు. స్కోరు చెబుతూనే ఉన్నాడు గానీ కళ్ళు నిండిపోతున్నాయి. ఒకసారి ఇక ఆగలేక కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే లోపల బంతి నేలబారుగా వెళ్ళి గోడకి తగిలింది. ఇద్దరు ఆటగాళ్ళూ ఆగి, అద్దంలోంచి ఆయనవైపు చూశారు.

నిన్నటి మనిషైతే ఏదో ఒకటి అనేసేవాడు.

"నేను చూడలేదు," అన్నాడు పైకే. "నాకు తెలియదు."

బల్లల మీద గుసగుసలు లేచాయి. ఆయన తలుపు వైపు తిరిగాడు. "అమ్మా," అన్నాడు. "నీకు కనబడిందా?"

కూతురు కదల్లేదు. అందరి తలలూ ఆమెవైపు తిరిగాయి. తల్లి చేయి ఆమె భుజం మీద ఉంది గానీ ముందుకు తొయ్యలేదు. కాసేపటికి కూతురే ఆ చేయి తీసి, జనం మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి, అద్దం పక్కన నిలబడింది.

"స్కిప్," అంది. గొంతు వణికింది కానీ ఆగలేదు. "మామయ్య కొట్టింది స్కిప్. పాయింటు అవతలివాళ్ళది."

"స్కిప్," అన్నాడాయన, కోర్టంతా వినబడేట్టు.

బావమరిది లోపల్నుంచి దండం పెట్టాడు. "ఈ ఇంటి ఆడపిల్లతో పెట్టుకోకూడదు బాబూ," అంటూ తన చోటికి వెళ్ళిపోయాడు. అందరూ నవ్వారు. కూతురు మాత్రం నవ్వలేదు, ఆయన్నే చూస్తోంది. ఆయన కళ్ళజోడు ఇంకా చేతిలోనే ఉంది, మొహమంతా తడి.

ఆమె ఆ కళ్ళజోడు తీసుకుంది. తన చొక్కా అంచుతో రెండు అద్దాలూ తుడిచి, మునివేళ్ళ మీద లేచి ఆయన చేతికి అందించింది.

"కళ్ళు పెట్టుకుని చూడు నాన్నా," అంది. "ఆట ఇంకా ఉంది."