తిరిగి రానివారి జాబితా

ఆ ఇంట్లో ఆ రోజు కూడా మామూలుగానే తెల్లారింది. రెండేళ్ల మనవరాలు పాలగ్లాసు ఒలకబోసింది. కొడుకు చొక్కా దొరక్క బీరువా అంతా తిరగేశాడు. అత్తగారు స్టవ్ దగ్గర నిలబడి కోడల్ని ఆటపట్టించింది.

"రోగుల లెక్క రాస్తే రోగం తగ్గుతుందా అమ్మాయీ? ముప్ఫై ఏళ్లు లెక్కల టీచరుగా చేశాను, ఈ కిటుకు నాకే తెలీలేదు."

కోడలు నవ్వి ఊరుకుంది. ఆమె పనిచేసేది పెద్దాసుపత్రిలోని క్యాన్సర్ రిజిస్ట్రీలో. ప్రతి రోగికీ ఏ దశలో జబ్బు బయటపడింది, ఏ వైద్యం చేశారు, తర్వాత ఎలా ఉన్నారు అన్నది ఏళ్ల తరబడి రాసిపెట్టడం అక్కడి పని. చేరి ఎనిమిది నెలలైంది. చేరతానన్నప్పుడు అత్తగారు మొహం మాడ్చుకుని "ఇంకెక్కడా దొరకలేదా?" అంది. ఎందుకన్నదో కోడలికి అంతుపట్టలేదు.

ఆ ఉదయం ఆమె ముందున్నది తిరిగి రానివారి జాబితా. వైద్యం మధ్యలో ఆపేసి, ఏడాది దాటినా ఆసుపత్రి గడప తొక్కనివాళ్లు. ఒక్కొక్కరికీ ఫోను చేస్తూ పదకొండో పేరు దగ్గరికొచ్చింది. అదే పేరున్న మరొకరెవరో అనుకుంది. పుట్టిన తేదీ చూసింది. ఫోను నంబరు చూసింది. అది ఆమెకు కంఠతా వచ్చు.

అత్తగారిది.

రొమ్ము క్యాన్సర్, మొదటి దశ. రెండేళ్ల రెండు నెలల క్రితం ఆపరేషన్. చెల్లెలు తోడు. ఐదేళ్లు మాత్రలు వాడాలి. పది నెలలు వాడి మానేశారు.

ఆ రోజులు ఆమెకు బాగా గుర్తు. తాను ఏడో నెల కడుపుతో, కదిలితే బిడ్డకు ప్రమాదమని మంచానికి అతుక్కుని ఉంది. "చెల్లికి ఒంట్లో బాలేదు" అని వెళ్లిన అత్తగారు పన్నెండు రోజులు రాలేదు. ఇలాంటప్పుడా వదిలేసి పోయేది అని తాను భర్త దగ్గర ఏడ్చింది.

ఆ కాగితం తీసుకెళ్లి పై అధికారి బల్ల మీద పెట్టింది. "సార్, ఈమె మా అత్తగారు. నేను చూడకూడదు, చూసేశాను."

ఆ పెద్దాయన కాగితం బోర్లా తిప్పి పెట్టాడు. "ఇంట్లో ఎవరికీ చెప్పకమ్మా. అది ఆవిడ చెప్పుకోవాల్సిన మాట. ఫోను నేను చేస్తాను" అన్నాడు. చేశాడు కూడా. "నాకేం లేదండీ, బాగున్నాను" అని అవతల పెట్టేశారు.

సాయంత్రం కోడలు ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నీకు తెలిసిపోయింది."

"తెలిసింది అత్తయ్యా."

"మావాడికి చెప్పావా?"

"లేదు. అది చెప్పాల్సింది నేను కాదు."

అత్తగారు కుర్చీలో కూలబడింది. "నిన్ను కంగారు పెట్టొద్దని డాక్టరు మరీమరీ చెప్పాడు. మావాడి నోట్లో నువ్వుగింజ నానదు. వాడికి చెప్తే నీకు చెప్పినట్టే. నాకేమైనా పర్వాలేదు, బిడ్డకేం కాకూడదనుకున్నా."

"మీరు నన్ను వదిలేసి వెళ్లారని రెండేళ్లుగా కోపం పెట్టుకున్నాను."

"తెలుసు. వడ్డిస్తుంటే నా మొహం చూసేదానివి కాదుగా."

కోడలు ఆమె కాళ్ల దగ్గర నేలమీద కూర్చుండిపోయింది. "మరి మాత్రలెందుకు మానేశారు?"

"కీళ్లు పట్టేసేవి. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకునేది కాదు. పిల్లని ఎత్తుకుంటే ఎక్కడ జారిపోతుందోనని భయం. అయినా కోసి తీసేశారుగా అనుకున్నా."

"మీరొక్కరే కాదు అత్తయ్యా. ఆ మాత్రలు వాడే పదిమందిలో ముగ్గురు మధ్యలో మానేశారని మా లెక్కల్లోనే తేలింది. ఫోను చేసి అడిగితే అందరిదీ ఇదే మాట, కీళ్లు. ఆ లెక్క చూశాక మా డాక్టరమ్మ అలాంటివాళ్ల కోసమే వారానికో రోజు కూర్చుంటోంది. మందు మార్చి ఇస్తోంది. మార్చినవాళ్లలో చాలామంది మానట్లేదు."

అత్తగారు తలెత్తి చూసింది. "పదిమందిలో ముగ్గురా? నా ఒక్కదాని ఒళ్లే చేతకానిదనుకున్నానే."

కొడుకు వచ్చాక ఆమే చెప్పింది. అతను విప్పిన చెప్పు చేతిలో పట్టుకునే అలా నిలబడిపోయాడు. తేరుకునేసరికి కళ్లు ఎర్రబడ్డాయి.

"ఆ పన్నెండు రోజులూ రోజూ ఫోను చేశానమ్మా. పిన్నికెలా ఉందని అడిగాను. నువ్వెలా ఉన్నావని ఒక్కసారీ అడగలేదు."

ఆ వారమే ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. రోగితో ఒక్కరే లోపలికి రావాలంది నర్సు. అత్తగారు లేచి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి కోడలి వైపు చెయ్యి చాపింది. "నువ్వు రా. ఈసారి ఒక్కదాన్నే వినలేను."

పరీక్షలన్నీ చూసి, జబ్బు తిరగబెట్టిన జాడ లేదంది డాక్టరమ్మ. వేరే మాత్రలు రాసింది. గదిలోంచి బయటికొచ్చాక అత్తగారు కోడలి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఆపరేషన్ రోజు కూడా ఏడవలేదు" అంది కళ్లు తుడుచుకుంటూ. "ఎవరి దగ్గర ఏడవాలో తెలీక."